స్నేహితురాలి దవడ పన్ను

జూన్ 3
ఇల్లు, వంటగది బల్ల

చిరంజీవి పిడుగుకి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇవాళ ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక్కటే. నాకు తెలిసిన ఒకావిడకి పన్ను నొప్పి. నువ్వు పళ్ళ డాక్టరు చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఆ చదువులో చేరతానన్న రోజు "పరాయివాళ్ళ నోళ్ళలో వేళ్ళు పెట్టేదీ ఒక చదువేనా" అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. సమాచారం మాత్రమే కోరుతున్నాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో పని చూసుకుంటావు. ఉత్తరంలో "ఊఁ" అని రాసి పంపలేవు.

ఆవిడ సంగతి చెబుతాను. నా ఈడుదే. నాలాగే లెక్కలు తనిఖీ చేసే ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఒకళ్ళ తప్పులు పట్టీ పట్టీ, తను కూడా తప్పు చేయగలదన్న సంగతి మరిచిపోయిన రకం. ఇంట్లో గరిటెలు కూడా పొడుగు ప్రకారం తగిలిస్తుంది. కుడివైపు దవడ పళ్ళు ఎప్పుడో పోయాయి. ఎడమవైపు పైన ఒకటి, కింద ఒకటి మిగిలాయి. ఆ జతతోనే ఆవిడ తిండి. ఇప్పుడు పైదాంట్లో నొప్పి. అది పీకించేసి కిందదాన్ని కాపాడుకుంటానంటుంది. రెండూ పోతే కట్టుడు పళ్ళే గతి. ఆవిడ భర్తకి కట్టుడు పళ్ళున్నాయి. పొద్దున లేచేసరికి గ్లాసులోంచి ఆవిడ వంక చూసి నవ్వుతుంటాయి. ఆ గ్లాసు పక్కన ఇంకో గ్లాసు పెట్టే కంటే జావ తాగి బతుకుతానంటుంది. అంత పట్టుదల.

ఏం చెయ్యమంటావో రాయి. నీ పరీక్షల ఫలితాలు ఈపాటికి వచ్చి ఉండాలి. రాయలేదు.

మీ అమ్మమ్మ

*

జూన్ 9
హాస్టలు, మూడో అంతస్తు, చివరి గది

అమ్మమ్మకి నమస్కారాలు.

నీ స్నేహితురాలి గురించి చదివాను. చాలా జాలేసింది, ముఖ్యంగా ఆ గరిటెల గురించి. మనింట్లో కూడా అలాగే ఉంటాయి కదా, ఎంత కాకతాళీయం!

ఆవిణ్ణి ఈ ప్రశ్నలు అడిగి చెప్పు. కాఫీ తాగినప్పుడు నొప్పి ఎక్కువవుతోందా? చల్లనీళ్ళు పుక్కిట పట్టుకుంటే కాసేపు హాయిగా ఉంటోందా? పడుకోగానే గుండె కొట్టుకున్నట్టు పన్ను కొట్టుకుంటోందా? మూడింటికీ అవునంటే పంటి లోపలి నరం పాడవుతోందని అర్థం. ఆవిడ లవంగాలు నమిలినా, ఎవరినైనా తిట్టినా తగ్గదు.

నాకు చెప్పడం కాదు, దగ్గర్లో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి పంపు. పీకించుకోవడానికి కాదు, చూపించుకోవడానికి. పైది పీకేస్తే కిందది దేనిమీద నములుతుంది? రోలు పారేసి రోకలి దాచుకున్నట్టుంటుంది.

తాతయ్యని అడిగానని చెప్పు.

నీ పిడుగు

*

జూన్ 17
ఇల్లు, వంటగది బల్ల

చిరంజీవి పిడుగుకి,

నీ మూడు ప్రశ్నలకీ జవాబు అవును. నాలుగో సంగతి నువ్వు అడక్కుండానే రాశావు. ఎవరినైనా తిడితే తగ్గుతుందేమోనని ఆవిడ నిజంగానే చూసింది. తగ్గలేదు.

ఆవిడ వెళ్ళింది. మా వీధి మలుపులో మందుల షాపు మీద ఒక పళ్ళ డాక్టరున్నాడు. నీకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. మెట్లు ఇరుకు, గది చిన్నది, కుర్చీ మాత్రం విమానంలోదిలా ఉంది. ఆవిడ దాన్లో కూర్చుని, అతను నోరు తెరవమనే లోపే తనే నోరు తెరిచి ఆజ్ఞ ఇచ్చింది.

"పైన ఎడమవైపుది. పీకెయ్యండి."

"ముందు చూడనివ్వండమ్మా."

"చూడ్డానికేముంది? నోరు నాది, నొప్పి నాది. ఎక్కడుందో నాకు తెలీదా?"

అతను ఒక చిన్న ఉక్కు అద్దం తీసి, దాని పిడితో పైపన్ను మీద టక్కుమని కొట్టాడు. ఏమీ లేదు. దాని ముందరి పన్ను, ఏమీ లేదు. తర్వాత కిందిదాని మీద కొట్టాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇదా అమ్మా?"

"కాదు."

"మరి లేచారేం?"

"మీరు చెప్పకుండా కొట్టారు."

"పైదాన్ని కూడా చెప్పకుండానే కొట్టానమ్మా. మీరు లేవలేదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆఫీసులో తనిఖీకి వెళ్ళినప్పుడు మేం చేసిన పని సరిగ్గా ఇదే. పద్దులన్నీ వరసగా అడుగుతూ పోతాం. గుమాస్తా ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ ఆగుతాం. ఉలిక్కిపడ్డ ప్రతివాడూ "అబ్బే, అక్కడేం లేదండీ" అనేవాడు. ఆవిడ కూడా అలాగే అంది. కాకపోతే ఆ గుమాస్తాలు చేతులు కట్టుకుని అనేవారు, ఈవిడ వేలు చూపించి అంది.

"పైది రాయిలా ఉందమ్మా. బాగున్న పన్ను నేను పీకను. కిందిదానికి ఎక్స్‌రే తీద్దాం" అన్నాడు అతను.

"పీకడం రాకపోతే రాదని చెప్పండి" అని మెట్లు దిగి వచ్చేసింది. కింద మందుల షాపతను నమస్కారం పెడితే అతని మీద కూడా కసురుకుంది. పాపం, అతనికి ఎందుకో ఇప్పటికీ తెలియదు.

నువ్వేమంటావు? ఫలితాల సంగతి రాయలేదు.

మీ అమ్మమ్మ

*

జూన్ 22
హాస్టలు

అమ్మమ్మా,

నీ స్నేహితురాలికి నా తరఫున గట్టిగా చెప్పు. నేనే ఎదురుగా ఉంటే చెప్పేదాన్ని, కానీ పెద్దావిడ కదా, భయం.

పైదవడకీ కిందిదవడకీ వెళ్ళే నరాలు ఒకే మొదలు నుంచి చీలతాయి. కింద పన్ను పాడైతే పైన నొప్పిగా అనిపించడం చాలామందిలో చూస్తాం. నొప్పి అబద్ధం కాదు, అది చెప్పే చిరునామా తప్పు. ఆ డాక్టరు మంచివాడు. అడిగిందే తడవుగా పీకి పంపేవాళ్ళు కూడా ఉంటారు. ఆవిడ అదృష్టం బాగుండి అలాంటివాడి దగ్గరికి వెళ్ళలేదు.

మళ్ళీ అదే మెట్లెక్కి, సారీ చెప్పి, ఎక్స్‌రే తీయించుకోమను. సారీ చెప్పడం రాకపోతే ఎక్స్‌రే ఒక్కటైనా.

పిడుగు

*

జులై 1
ఇల్లు

చిరంజీవి పిడుగుకి,

శుభవార్త. ఆవిడ నొప్పి పోయింది! ఏ డాక్టరూ లేకుండా, ఏ ఎక్స్‌రే లేకుండా, మొన్న పొద్దున లేచేసరికి మాయం. కాఫీ తాగింది, ఏం లేదు. వేరుశెనగ పలుకులు నమిలింది, ఏం లేదు. "నువ్వు కసిరితే పంటి నొప్పి కూడా పారిపోయిందన్నమాట" అన్నాడు ఆవిడ భర్త. ఆవిడ దాన్ని పొగడ్తగానే తీసుకుంది.

ఉప్పునీళ్ళు పుక్కిలించడం, వేళకి పడుకోవడం, క్రమశిక్షణ. ఇవి చాలవా మనిషికి? మీ పుస్తకాల్లో ఈ మూడూ ఉన్నాయో లేదో చూడు. లేకపోతే చేర్చమను.

మందుల షాపు ముందునుంచి వెళుతూ ఆవిడ పైకి చూసి కొంచెం నవ్విందట. పైన ఆ డాక్టరు కిటికీలో ఉన్నాడట. అది గెలుపు నవ్వు అని అతనికి అర్థమై ఉంటుంది.

ఫలితాలు అడిగి అడిగి నాకు విసుగొచ్చింది. బాగానే పాసై ఉంటావులే.

మీ అమ్మమ్మ

*

జులై 5
హాస్టలు

అమ్మమ్మా,

ఇది శుభవార్త కాదు. నొప్పి పోలేదు, చెప్పే నరం పోయింది. నరం చచ్చిపోతే పన్ను ఊరుకుంటుంది. ఊరుకుంది కదా అని బాగుపడినట్టు కాదు. కుళ్ళు పంటి వేళ్ళలోంచి కిందికి దిగుతుంది. కొన్నాళ్ళకి కొరికితే నొప్పి వస్తుంది, తర్వాత చిగురు మీద చిన్న పొక్కు, తర్వాత వాపు.

వేరుశెనగ పలుకులు ఆపమను. ఎక్స్‌రే తీయించుకోమను. నవ్వడం కూడా ఆపమను.

పిడుగు

*

జులై 21
ఇల్లు, ముందుగది

చిరంజీవి పిడుగుకి,

నీ ఉత్తరం ఆవిడకి వినిపించాను. చిన్నపిల్లలు పెద్దవాళ్ళని ఇలాగే బెదిరిస్తారని అంది. పొక్కు వచ్చిందా అని అడిగితే, వచ్చింది కానీ అది పొక్కు కాదు అంది. వాపు ఉందా అంటే, ఒక పక్క కొంచెం ఉబ్బుగా ఉంది, వయసులో బుగ్గలు అలా ఉండేవి, పోయిన అందం తిరిగొస్తోందేమో అంది.

కింది పన్నే అన్నది ఇప్పుడు ఆవిడ కూడా ఒప్పుకుంది. కొరికితే ప్రాణం పోతోంది. కాబట్టి నిర్ణయం తీసుకుంది. బస్టాండు దగ్గర ఇంకో డాక్టరున్నాడు, ఏది చూపిస్తే అది పీకుతాడట. శనివారం వెళ్ళి కిందది పీకించేస్తుంది. అప్పుడిక పైది ఒంటరి. కట్టుడు పళ్ళకి మనసు సిద్ధం చేసుకుంటోంది. గ్లాసు కూడా ఎంచుకుంది. నీలంది.

నిజం చెప్పొద్దూ, ఆవిడ ధైర్యం కొంచెం జారినట్టే ఉంది. తెలిసినవాళ్ళు ఎవరైనా పక్కనుంటే బాగుండు అని ఒకసారి అంది. వెంటనే అనలేదని అంది.

మీ అమ్మమ్మ

*(ఉత్తరం అంచున, వేరే చేతిరాత)*

అమ్మలూ, పోస్టు చెయ్యమని నాకిస్తే అంటించే ముందు చదివాను. మీ అమ్మమ్మ స్నేహితురాలి బుగ్గ మీ అమ్మమ్మ మొహం మీద వాచింది. కన్ను సగం మూతపడింది. నిన్నటి నుంచి గంజి తప్ప లోపలికి ఏదీ వెళ్ళలేదు. నన్ను తిట్టడం కూడా మానేసింది. నాకు భయంగా ఉంది, ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను. ఫోను చెయ్యి. తాతయ్య.

*

జులై 23
హాస్టలు

అమ్మమ్మా,

నిన్న ఫోనులో నువ్వు మాట్లాడనంటే తాతయ్యే మాట్లాడాడు. అందుకే ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను. తాతయ్య చదివి వినిపించే లోపు నువ్వే చదువు.

స్నేహితురాలి నాటకం నేను మొదటి ఉత్తరంలోనే కనిపెట్టాను. గరిటెల దగ్గరే. నీకు సరదాగా ఉందని ఊరుకున్నాను, నాకూ సరదాగానే ఉంది. ఇప్పుడు లేదు. వాపు మెడ వైపు దిగితే, మింగడం కష్టమైతే, జ్వరం వస్తే ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్ళాలి. నా కోసం ఆగకూడదు. తాతయ్యకి చెప్పాను.

అవేమీ లేకపోతే ఎల్లుండి పొద్దున్న బస్సుకి ఇద్దరూ ఇక్కడికి రండి. బస్టాండు వరకు ఎలాగూ వస్తావు కదా. ఆ పీకే డాక్టరు మెట్లెక్కకుండా బస్సెక్కు.

మా కాలేజీ ఆసుపత్రిలో మా మేడం ఉంది. తాతయ్య ఫోనులో పంపిన ఫోటోలో పన్ను పైభాగం చూసింది. ఎక్స్‌రే చూడకుండా మాట ఇవ్వనంది, కానీ పన్ను గట్టిగానే కనిపిస్తోంది, దక్కించుకోవచ్చేమో అంది. రూట్ కెనాల్ అంటే నువ్వనుకునేంత భయంకరం కాదు. మత్తిస్తారు. పన్ను పైన చిన్న కన్నం చేసి, వేళ్ళ లోపలి సన్నటి గొట్టాలు వెంట్రుకంత సన్నటి ఆకురాళ్ళలాంటి వాటితో గీకి, కుళ్ళు తీసి, కడిగి, మందు పెట్టి మూస్తారు. రెండోసారి మళ్ళీ తెరిచి, శాశ్వతంగా నింపుతారు. తర్వాత పన్నుకి తొడుగులా క్యాప్. పన్ను నీదే, దవడలో నీదే. గ్లాసులో కాదు.

నేను చెయ్యను. నన్ను అడగకు. నేను పక్కన నిలబడి నోట్లో నీళ్ళు లాగే గొట్టం పట్టుకుంటాను, అంతే.

నీలం గ్లాసు తాతయ్యకి ఇచ్చెయ్యి.

పిడుగు

*

ఆగస్టు 4
ఇల్లు, వంటగది బల్ల, మామూలు కుర్చీ

చిరంజీవి పిడుగుకి అమ్మమ్మ ఆశీస్సులు.

వాపు పూర్తిగా దిగింది. మందులు మేడం రాసిచ్చినన్ని రోజులూ, ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాను. ఎడమవైపు ఇంకా నమలడం లేదు. అది చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ఆ రోజు కుర్చీలో నువ్వు నాతో మాట్లాడినవాటికి నేను జవాబు చెప్పలేదు. చెప్పాను, కానీ ఎవరికీ అర్థం కాలేదు.

నా పెదాల మీద రబ్బరు గుడ్డ పరిచి, మధ్యలోంచి ఆ ఒక్క పన్ను బయటికి లాగి, మీ మేడం గదిలోని సన్నటి దీపాలన్నీ దానిమీదికి తిప్పింది. ఇన్నేళ్ళలో నేను మాట్లాడలేకపోయిన మొదటి గంట అది. నువ్వు దానికోసమే కాచుకుని ఉన్నావు. గొట్టం పట్టుకుని, నా చెవి దగ్గర వంగి, మేడం ఎక్స్‌రే చూడ్డానికి అటు తిరగ్గానే మొదలుపెట్టావు. "అమ్మమ్మా, నేను తప్పాను. ఇదే సబ్జెక్టులో. పరీక్షలో పంటి గొట్టంలోనే ఆకురాయి ముక్క విరిగింది. మానేద్దామనుకుంటున్నాను. కాగితం కూడా రాసి పెట్టాను. నీకు చెబితే 'నేను ముందే అన్నానుగా' అంటావని చెప్పలేదు."

నేను "ఆఁ! ఆఁ!" అన్నాను. మేడం పరుగున వచ్చి "నొప్పిగా ఉందా అమ్మా?" అని ఇంకో మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. నేను నీకు జవాబు చెప్పబోయిన ప్రతిసారీ నాకు సూది పడింది. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా నా కింది పెదవి ఉందో లేదో నాకు తెలియలేదు. తాతయ్య మూడుసార్లు చూసి ఉందని చెప్పాడు.

నా తప్పు ముందు రాస్తాను. నీ ఫలితాలు మూడు ఉత్తరాల్లో అడిగాను. మూడుసార్లూ నువ్వు ఉలిక్కిపడలేదు. అసలు ఆ మాటే నీకు వినపడనట్టు రాశావు. తనిఖీ ఉద్యోగం చేసినదాన్ని, ఉలిక్కిపడటం మీదే చూపు పెట్టుకున్నాను. చప్పుడే లేకపోతే బాగుందనుకుని "పాసై ఉంటావులే" అని రాసి సంతకం పెట్టాను. ఊరుకుంది కదా అని బాగుపడినట్టు కాదని నాకు రాసింది నువ్వే. పన్ను దగ్గర ఒకసారి, నీ దగ్గర ఒకసారి, ఒకే నెలలో అదే పొరపాటు రెండుసార్లు చేశాను. నా కింద పనిచేసే గుమాస్తా ఇలా చేసి ఉంటే అతన్ని నిలబెట్టి కడిగేసేదాన్ని.

నువ్వు నాకు భయపడి దాచావు. నేను నీకు భయపడి ఒక స్నేహితురాలిని పుట్టించి, ఆవిడకి భర్తని, గరిటెలని, అందమైన బుగ్గని కూడా ఇచ్చాను. మనిద్దరిలో ఎక్కువ కష్టపడింది నేనే.

ఇప్పుడు నేను కళ్ళతో చూసిన సంగతి. ఆ గంటసేపు నాకు వేరే పని లేదు. నోరు లేదు, కళ్ళున్నాయి. నువ్వు ఆ మాటలు చెబుతున్నప్పుడు నీ గొంతు వణికింది. కింది పెదవి వణికింది. కళ్ళు నిండాయి, ఒక చుక్క నా బుగ్గ మీద పడింది కూడా, మత్తు వల్ల తెలియలేదనుకున్నావు, కుడి బుగ్గకి మత్తు లేదు. కానీ గొట్టం పట్టుకున్న చెయ్యి వణకలేదు. ఒక్కసారి కూడా నా నాలుక్కి తగల్లేదు. నేను "ఆఁ" అని కదిలినప్పుడల్లా, మేడం చెప్పకముందే నీ ఎడమచెయ్యి నా దవడ కిందికి వచ్చి పట్టుకుంది. బయటికొచ్చాక మేడంతో ఈ మాట చెప్పాను. "నాకు తెలుసండీ, ఆ అమ్మాయికే తెలియదు. సన్నటి ముక్క విరగడం నా చేతుల్లో కూడా జరిగింది" అంది ఆవిడ.

ఇంకా జరగవలసినవి ఇవి. అంకెల వరసలోనే చెయ్యాలి.

1. మానేస్తానని రాసిన కాగితం ఈ ఉత్తరం అందిన రోజే చింపాలి. సగం ముక్క నాకు పోస్టులో పంపాలి. కళ్ళతో చూడనిదే నేను నమ్మనని నీకు తెలుసు.

2. పరీక్ష మళ్ళీ రాయాలి. తప్పితే మళ్ళీ. ఫలితం ఏదైనా, అదే రోజు నాకు రాయాలి. నా మొదటి మాట "నేను ముందే అన్నానుగా" అయితే ఆ ఉత్తరం తిప్పి పంపే హక్కు నీకు ఇస్తున్నాను.

3. మందుల షాపు మీది డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాలి. ఎక్స్‌రే చూపించి "మీరన్న పన్నే" అని చెప్పాలి. దిగేటప్పుడు కింద షాపతనికి నమస్కారం పెట్టాలి. మెట్ల దాకా తాతయ్య తోడు వస్తాడు. పైకి రాకూడదు, నవ్వుతాడు.

4. నీలం గ్లాసు తాతయ్య తీసుకోవాలి. నా వైపు తిప్పి పెట్టకూడదు.

5. పదహారో తేదీన వస్తాను. గొట్టాలు నింపే పని మేడంది. నువ్వు పక్కన ఉండాలి. చెప్పవలసినవి ఇంకా ఏమైనా ఉంటే రబ్బరు పరిచాకే చెప్పు, నేను అడ్డురాను.

6. క్యాప్ మాత్రం నువ్వే పెట్టాలి. మేడం పక్కన నిలబడుతుంది. అడిగాను, సరేనంది. "మనవరాలి మీద నమ్మకమా, మొండితనమా" అని తాతయ్య అడుగుతున్నాడు. ఆ పన్నుతో వేరుశెనగ పలుకు కొరికి చూపిస్తాను, అదే నా జవాబని చెప్పాను.

7. ఇకమీదట మనింట్లో స్నేహితురాళ్ళ పేరుమీద ఎవరూ ఉత్తరాలు రాయకూడదు. నొప్పి ఎవరిదైతే వాళ్ళే, ఎక్కడుంటే అక్కడ వేలుపెట్టి రాయాలి. వేలు తప్పుచోట పెట్టినా ఫరవాలేదు. పక్కవాళ్ళు తట్టి చూసుకుంటారు.

మీ అమ్మమ్మ